చదివాకే నొక్కుదాం



మొన్న సాయంత్రం మన చదువుల కేంద్రంలో జరిగిన సంగతి ఇది. పాఠం ఇంకా మొదలుకాలేదు. అందరూ ఒక్కొక్కరే వస్తున్నారు. ముందే వచ్చిన ఒక అక్క సెల్‌ఫోను పట్టుకుని కూర్చుంది. రేపు వాన పడుతుందా, కళ్ళంలో వేరుశనగ ఆరబెట్టవచ్చా అని నెట్‌లో చూస్తోంది. వాన సంగతి కనబడకముందే తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. అక్క బొటనవేలితో టక్కున నొక్కేసింది. పెట్టె పోయింది.

"అక్కా, ఆ పెట్టెలో ఏం రాసుంది?" అని అడిగాను.

"ఏమో టీచరమ్మా! నొక్కితే పోతుంది గదా. నేనెప్పుడూ అట్లాగే నొక్కుతాను."

"ఇప్పుడు మీకు చదవడం వచ్చు గదా?"

అక్క నవ్వింది. "పుస్తకమైతే చదువుతాను. ఫోనులో వచ్చేది కూడా చదవాలని తోచలేదు" అంది.

ఇంకో సైటు తెరిచాం. మళ్ళీ పెట్టె వచ్చింది. ఈసారి నొక్కలేదు. అందరం చుట్టూ చేరాం. అక్క వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది.

"ఈ సైటు... మీ లొకేషన్... తెలుసుకోవాలని... అనుకుంటోంది."

దాని కింద రెండు మాటలున్నాయి. ఒకటి "అనుమతించండి". రెండోది "బ్లాక్ చేయండి".

"లొకేషన్ అంటే ఏంటి?" అని అడిగింది ఒక పెద్దమ్మ.

లొకేషన్ అంటే మీరు ఉన్న చోటు. ఏ ఊరు, ఏ వీధి, ఒక్కోసారి ఏ ఇల్లు అన్నది కూడా. అనుమతించడం అంటే సరే అనడం. బ్లాక్ చేయడం అంటే వద్దని ఆపడం. సైటు అంటే నెట్‌లో ఒక అంగడి లాంటిది. వార్తలకు ఒక సైటు, వాతావరణానికి ఒక సైటు, చీరలు అమ్మేది ఇంకో సైటు. వాటిని తెరిచి చూపించే యాప్‌ను బ్రౌజర్ అంటారు. చాలామంది ఫోన్లలో ఉండే క్రోమ్ ఒక బ్రౌజర్.

"అయితే ఏంటి టీచరమ్మా? నేను మా ఇంట్లో ఉన్నానని తెలిస్తే నా దగ్గర ఎత్తుకుపోయేదేముంది?" అంది అక్క.

నేను జవాబు చెప్పబోయాను. మూలన కూర్చున్న ఒకామె నాకన్నా ముందు మాట్లాడింది. ఆమె మామూలుగా ఎక్కువ మాట్లాడదు. ఆమె అనుమతితో, పేరు చెప్పకుండా, ఆమె మాటలు ఇక్కడ రాస్తున్నాను.

ఆమె చెప్పింది

"మా ఆయన తాగి వచ్చి కొట్టేవాడు. రెండేళ్ళు ఓర్చుకున్నాను. ఒకరోజు పిల్లను చంకనేసుకుని బస్సెక్కాను. పుట్టింటికి పోతే ముందు అక్కడికే వస్తాడు గదా. అందుకని అక్కడికి పోలేదు. వేరే ఊళ్ళో ఉన్న చిన్ననాటి స్నేహితురాలి ఇంటికి పోయాను. మా అమ్మకు కూడా చెప్పలేదు.

మూడోరోజు తెల్లవారేసరికి తలుపు కొట్టాడు. 'నువ్వు ఎక్కడికి పోయినా నాకు తెలుస్తుంది' అన్నాడు.

ఎవరు చెప్పారు? ఆ ఊళ్ళో నేను ఉన్నట్టు నా స్నేహితురాలికి ఒక్కదానికే తెలుసు. ఆమే చెప్పిందనుకున్నాను. నోటికి వచ్చినట్టు అన్నాను. మాట మానేశాను. ఏడాది తర్వాత తెలిసింది. చెప్పింది ఆమె కాదు. నా చేతిలో ఉన్న ఫోను."

కేంద్రంలో ఎవరూ మాట్లాడలేదు.

ఆ ఫోను ఆమెకు భర్త కొనిచ్చాడు. తన ఈమెయిలు, తన పాస్‌వర్డు పెట్టి ఇచ్చాడు. దారి చూపించే మ్యాప్ యాప్‌లో "లొకేషన్ షేరింగ్" అనేది తెరిచి ఉంచాడు. అంటే ఈ ఫోను ఎక్కడికి పోతే ఆ చోటు అతని ఫోనులో కనబడుతుంది. ఆమెకు అప్పటికి చదవడం రాదు. తెర మీద ఏ మాట వచ్చినా ఆమెకు అది ఒక బొమ్మే.

ఇప్పుడు ఆమె పుట్టింట్లో ఉంటోంది. 2005 నాటి గృహహింస చట్టం కింద కోర్టు నుంచి రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది. కానీ ఆ మూడోరోజు పొద్దుటి సంగతి తలుచుకుంటే ఇప్పటికీ ఆమె చేతులు వణుకుతాయి.

అందుకే ఆ రోజు మామూలు పాఠం పక్కన పెట్టాం. మన ఫోను మన చోటును ఎలా కనిపెడుతుంది, ఎవరికి చెబుతుంది, మనం ఎలా ఆపాలి అని మాట్లాడుకున్నాం. అవన్నీ కలిపి ఈ పాఠంగా రాశాను.

ఫోనుకు మన చోటు ఎలా తెలుస్తుంది?

ఫోను చోటు చెబుతుందన్నది మీకు కొత్తేమీ కాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పని చోట ఫోనుతో ఫొటో తీయడం తప్పనిసరి చేశారు. గుర్తుందా? మేటు రోజుకు రెండుసార్లు కూలీలందరినీ నిలబెట్టి ఫొటో తీసేవారు. ఆ ఫొటోతో పాటు ఆ చోటు కూడా నమోదయ్యేది. ఊళ్ళో కూర్చుని తీసి, చెరువు దగ్గర తీశామని చెబితే దొరికిపోతారు. ఎందుకంటే ఎక్కడ తీశారో ఫోనే చెబుతుంది.

ఫోనుకు చోటు నాలుగు దారుల్లో తెలుస్తుంది.

మొదటి దారి ఉపగ్రహాలు. జీపీఎస్ అనే మాట వినే ఉంటారు. అవి అమెరికా ప్రభుత్వం నడిపే ఉపగ్రహాలు. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. ప్రతి ఉపగ్రహం "నేను ఇక్కడ ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని రేడియో సంకేతం పంపుతుంటుంది. ఫోను ఆ సంకేతాలను వింటుంది. మెరుపు మెరిశాక ఉరుము ఎంతసేపటికి వినబడిందో చూసి పిడుగు దూరంగా పడిందా, దగ్గరగా పడిందా అని మనం చెప్పుకోమా? ఫోను చేసేదీ అలాంటి లెక్కే. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే తానున్న చోటును లెక్క కట్టుకుంటుంది. ఆరుబయట ఉంటే కొద్ది గజాల తేడాతో చెప్పగలదు.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఉపగ్రహానికి మీరు కనబడరు. రేడియోలో వార్తలు చదివే ఆమెకు మీరు వింటున్నట్టు తెలుస్తుందా? తెలియదు. ఇదీ అంతే. లెక్క కట్టేది మీ ఫోను. ఆ లెక్కను బయటికి చెప్పేదీ మీ ఫోనే. కాబట్టి ఆపవలసిందీ ఫోనులోనే.

రెండో దారి సెల్ టవరు. మీ ఫోను ఎప్పుడూ దగ్గరలోని ఏదో ఒక టవరుతో మాట్లాడుతూ ఉంటుంది. లేకపోతే మీకు ఫోన్లు రావు. ఏ టవరు కింద ఉన్నారో సిమ్ము కంపెనీకి తెలుస్తుంది.

మూడో దారి వై-ఫై. పట్నాల్లో ఇంటింటా, అంగడి అంగడికీ నెట్ పెట్టెలు ఉంటాయి. ఏ పెట్టె ఏ వీధిలో ఉందో కొన్ని కంపెనీల దగ్గర జాబితా ఉంది. చుట్టుపక్కల ఏ పెట్టెలున్నాయో చూసి ఫోను తన చోటు తెలుసుకుంటుంది. ఉపగ్రహం సంకేతం అందని ఇంటి లోపల కూడా ఇది పని చేస్తుంది.

నాలుగో దారి ఐపీ అడ్రసు. ఉత్తరం రాస్తే జవాబు రావడానికి మన అడ్రసు రాస్తాం గదా. అట్లాగే మనం సైటు తెరిస్తే, ఆ సైటు మనకు పేజీ పంపాలి. దానికోసం మన ఫోనుకు ఒక అంకెల అడ్రసు ఉంటుంది. ఆ అంకెలను బట్టి ఏ దేశం, ఏ ప్రాంతం అన్నది సుమారుగా తెలుస్తుంది. ఇల్లు తెలియదు. ఒక్కోసారి తప్పు కూడా చెబుతుంది. మీరు పల్లెలో ఉన్నా పెద్ద పట్నం పేరు చూపించవచ్చు. ఈ అడ్రసు ప్రతి సైటుకూ తెలుస్తుంది. దీనికి మన అనుమతి అడగరు.

మరి పెట్టె వచ్చి అడిగేది దేనికి? మొదటి దారిలోనో, మూడో దారిలోనో దొరికే సరైన చోటు కోసం. మీ వీధి, మీ ఇల్లు తెలిసే చోటు కోసం. "అనుమతించండి" అని నొక్కితే ఇచ్చేది అది.

తెలిస్తే ఏమవుతుంది?

అక్క అడిగిన ప్రశ్నకు ఇప్పుడు వద్దాం. మీరు ఒక్కసారి ఎక్కడున్నారో తెలిస్తే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. కానీ ఫోను ఒక్కసారి చెప్పి ఊరుకోదు. రోజూ చెబుతుంది. అవన్నీ ఒకచోట కూడితే ఏం తెలుస్తుందో చూడండి.

రాత్రిపూట ఎక్కడ ఉంటారో అది మీ ఇల్లు. పగలు ఎక్కడ ఉంటారో అది మీ పనిచోటు. ఏ డాక్టరు దగ్గరికి పోతున్నారు? ఏ గుడికి, ఏ చర్చికి, ఏ దర్గాకు పోతున్నారు? ఏ మీటింగుకు పోయారు? ఇంట్లో ఎవరూ లేనిది ఏ వేళలో? మీరు ఎవరికీ చెప్పని సంగతులు కూడా మీ అడుగులు చెప్పేస్తాయి.

పేరు లేకపోయినా అడుగులు చెబుతాయి. దీనికి ఒక నిజమైన ఉదాహరణ ఉంది. నడక, పరుగు లెక్కపెట్టే స్ట్రావా అనే యాప్ ఉంది. దాన్ని వాడేవాళ్ళు నడిచిన దారులన్నీ కలిపి ఆ కంపెనీ ఒక ప్రపంచ పటం తయారుచేసింది. పేర్లు పెట్టలేదు. నడిచిన దారులు మాత్రం వెలుగు గీతల్లాగా కనబడతాయి. 2018 జనవరిలో కొందరు ఆ పటాన్ని జాగ్రత్తగా చూశారు. అఫ్గానిస్తాన్, సిరియా వంటి దేశాల్లో, జనం లేని చోట్ల వెలుగు గీతలు కనబడ్డాయి. అవి సైనికుల శిబిరాలు! సైనికులు పొద్దున్నే పరుగెత్తుతూ యాప్ పెట్టుకున్నారు. రహస్యంగా ఉండవలసిన శిబిరాల రూపం పటం మీద వచ్చేసింది. తుపాకీ పట్టిన సైనికులకే తెలియకుండా ఇలా జరిగింది.

ఇక వ్యాపారం సంగతి. మీ చోటు తెలిస్తే ఆ చుట్టుపక్కల అంగళ్ళ ప్రకటనలు మీకు చూపించవచ్చు. అందుకే చాలా యాప్‌లకు, సైట్లకు మీ చోటు మీద ఆశ. కొన్ని ఆ వివరాలను వేరేవాళ్ళకు అమ్ముకుంటాయి కూడా.

ఒక మీట ఆపేస్తే అంతా ఆగిందని కూడా అనుకోకూడదు. గూగుల్‌లో "లొకేషన్ హిస్టరీ" అనే మీట ఉండేది. దాన్ని ఆపేస్తే ఇక తమ చోటు రాసుకోరని జనం అనుకున్నారు. కానీ ఇంకో మీట తెరిచి ఉండడం వల్ల చోటు నమోదవుతూనే ఉంది. 2018లో అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తాసంస్థ ఈ సంగతి బయటపెట్టింది. అమెరికాలో 40 రాష్ట్రాలు విచారణ జరిపాయి. చివరికి 2022 నవంబరులో గూగుల్ ఆ రాష్ట్రాలకు 39 కోట్ల 15 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ రెండో మీట పేరు "వెబ్, యాప్ యాక్టివిటీ". మీ ఫోనులో గూగుల్ ఖాతా ఉంటే దాన్ని కూడా చూసుకోండి.

మూడు ప్రశ్నలు వేసుకోండి

అట్లాగని లొకేషన్ ఎప్పుడూ ఇవ్వకూడదని కాదు. తెలియని ఊళ్ళో దారి తప్పితే మ్యాప్ కావాలి. ఆటో బుక్ చేస్తే మీరు ఎక్కడున్నారో అతనికి తెలియాలి. ఆపదలో ఉంటే కాపాడేవాళ్ళకు మీ చోటు తెలియడమే మంచిది.

ఎవరైనా మన ఇంటి తలుపు తడితే ఏం చేస్తాం? ఎవరు మీరు, ఏం పనిమీద వచ్చారు అని అడుగుతాం. ఫోనులో పెట్టె వచ్చినప్పుడు కూడా మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఎవరు అడుగుతున్నారు? పెట్టెలో సైటు పేరో, యాప్ పేరో ఉంటుంది. చదవండి. మీరు తెరిచినది అదేనా?

ఎందుకు అడుగుతున్నారు? మ్యాప్ అడిగితే అర్థం ఉంది. టార్చిలైటు యాప్‌కు మీ ఊరు ఎందుకు? ముగ్గులు చూపించే సైటుకు మీ వీధి ఎందుకు?

ఎంతసేపు కావాలి? దారి చూసేంతసేపు చాలు. రాత్రంతా అక్కర్లేదు.

వాన సంగతి చూస్తున్న మన అక్క విషయమే తీసుకోండి. వాన ఆమె ఇంటి మీద ఒక్కదాని మీదే పడదు గదా! మండలం పేరు రాసి వెతికితే చాలు. "బ్లాక్ చేయండి" నొక్కింది. మండలం పేరు తనే టైపు చేసింది. వాన సంగతి వచ్చింది. ఇల్లు ఎక్కడో చెప్పవలసిన పని పడలేదు.

ఫోనులో ఏం చేయాలి?

ఇప్పుడు ఫోను చేతిలో పెట్టుకోండి. ఒక్కొక్కటే చేద్దాం. కంపెనీని బట్టి మాటలు కాస్త అటూ ఇటూగా ఉండవచ్చు. కంగారు పడకండి.

1. ముందు ఫోను భాషను తెలుగులోకి మార్చుకోండి. పళ్ళ చక్రం లాంటి గుర్తు మీద నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. అందులో భాషల దగ్గర తెలుగు ఎంచుకోండి. అప్పుడు చాలా పెట్టెలు తెలుగులోనే వస్తాయి. మీరే చదువుకోవచ్చు.

2. తెరను పైనుంచి కిందికి లాగండి. కొన్ని గుర్తులు కనబడతాయి. తలకిందులుగా ఉన్న నీటి బొట్టు లాంటిది లొకేషన్ గుర్తు. పని లేనప్పుడు దాన్ని ఆపేయండి. పని ఉన్నప్పుడు వేసుకోండి. ఇంట్లో లైటు స్విచ్చి లాగే.

3. సెట్టింగ్స్‌లో లొకేషన్ అనే చోటికి పొండి. ఏయే యాప్‌లకు అనుమతి ఉందో జాబితా కనబడుతుంది. ఒక్కొక్కటీ చదవండి. "అన్ని వేళలా" అని ఉంటే మీరు వాడనప్పుడు కూడా అది మీ చోటు చూడగలదు. అవసరమైన యాప్‌కు "వాడుతున్నప్పుడు మాత్రమే" అని పెట్టండి. అక్కర్లేని దానికి "అనుమతించవద్దు" అని పెట్టండి. "ఖచ్చితమైన లొకేషన్" అనే మీట ఉంటే దాన్ని ఆపవచ్చు. అప్పుడు సుమారు చోటు మాత్రమే తెలుస్తుంది.

4. బ్రౌజర్‌కు వేరే జాబితా ఉంటుంది. క్రోమ్ తెరవండి. పైన మూలన మూడు చుక్కలు ఉంటాయి. నొక్కండి. సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో లొకేషన్. మీరు ఇంతకుముందు "అనుమతించండి" అని నొక్కిన సైట్లన్నీ అక్కడ ఉంటాయి. తీసేయండి. మన అక్క ఫోనులో చూస్తే ఎన్నో సైట్ల పేర్లు కనబడ్డాయి. "వీటన్నిటికీ నేనే సరే అన్నానా!" అని బుగ్గలు నొక్కుకుంది.

5. ఇన్‌కాగ్నిటో అనే అజ్ఞాత పేజీని నమ్మకండి. అందులో చూసినవి మీ ఫోనులో గుర్తు ఉండవు. అంతే. మీ ఐపీ అడ్రసు సైటుకు తెలుస్తూనే ఉంటుంది. అనుమతి ఇస్తే చోటూ తెలుస్తుంది. ఐపీ అడ్రసును దాచడానికి వీపీఎన్ అనే యాప్‌లు ఉన్నాయి. కానీ వాటిని నడిపేవాళ్ళకు మీరు ఏ సైట్లు చూస్తున్నారో తెలుస్తుంది. ఎవరిదో తెలియని ఉచిత వీపీఎన్ పెట్టుకుంటే దొంగకు భయపడి ఇంకో దొంగకు తాళంచెవి ఇచ్చినట్టే.

6. ఫొటోల్లో కూడా చోటు దాగి ఉంటుంది. కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేయండి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నుంచి ఆ వివరం తొలగిపోతుంది. డాక్యుమెంటుగా పంపితే ఉండిపోతుంది. ఇంటి నంబరు, బడి పేరు, అంగడి బోర్డు ఫొటోలో కనబడుతున్నాయేమో చూసుకోండి. అవి చెప్పడానికి ఏ ఉపగ్రహమూ అక్కర్లేదు.

7. వాట్సాప్‌లో "లైవ్ లొకేషన్" అని ఉంది. 15 నిమిషాలు, 1 గంట, 8 గంటలు అని మూడు ఉంటాయి. రాత్రి బస్సులో వస్తున్న కూతురు అమ్మకు పంపిస్తే అది మేలే. ఇల్లు చేరగానే ఆపేయాలి.

ఇవన్నీ చేసినా సిమ్ము కంపెనీకి టవరు తెలుస్తూనే ఉంటుంది. సైట్లకు సుమారు ప్రాంతం తెలుస్తూనే ఉంటుంది. అది మనం ఆపలేం. కానీ మీ ఇల్లు, మీ వీధి అడిగినవాళ్ళకల్లా తెలియకుండా ఆపగలం.

ఇంట్లోవాళ్ళే కనిపెడుతుంటే

ఇది ఆమెలాంటి అక్కచెల్లెళ్ళ కోసం. జాగ్రత్తగా చదవండి.

మీ ఫోను వేరేవాళ్ళు కొనిచ్చారా? దానిలో ఎవరి ఈమెయిలు ఉంది? ఆ ఈమెయిలు, పాస్‌వర్డు తెలిసినవాళ్ళు, పోయిన ఫోను వెతికే సదుపాయంతో మీ ఫోను ఎక్కడుందో చూడగలరు. మ్యాప్ యాప్‌లో పైన మూలన ఉన్న మీ బొమ్మ మీద నొక్కితే "లొకేషన్ షేరింగ్" కనబడుతుంది. మీ చోటు ఎవరికి పోతోందో అక్కడ ఉంటుంది.

కానీ తొందరపడి వెంటనే ఆపేయకండి. ఆపితే అవతలివాళ్ళకు తెలిసిపోవచ్చు. కోపంతో మీద పడవచ్చు. కొట్టే మనిషి ఇంట్లో ఉంటే ముందు మీ ప్రాణం కాపాడుకోవాలి. మీరు నమ్మిన మనిషి ఫోను నుంచి 181 కు ఫోను చేయండి. అది మహిళల కోసం పెట్టిన హెల్ప్‌లైను. వాళ్ళతో మాట్లాడి, ఎక్కడికి పోవాలో, ఎప్పుడు పోవాలో అనుకున్నాకే ఫోను సంగతి చూడండి. కొత్త ఫోను తీసుకుంటే కొత్త ఈమెయిలు, కొత్త పాస్‌వర్డు పెట్టుకోండి. పాత ఈమెయిలు అందులో వేయకండి.

ప్రమాదం మీద పడితే 112 కు చేయండి. ఎక్కడున్నారో నోటితో కూడా చెప్పండి. ఊరి పేరు, దగ్గరలోని గుడి, బడి, మైలురాయి ఏదైనా సరే. ఫోనులో డబ్బు మోసం, బెదిరింపు వంటివి జరిగితే 1930 కు చేయండి.

చట్టం ఏమంటోంది?

"నా పెళ్ళాం ఎక్కడుందో నేను చూస్తే తప్పేంటి?" అని అడిగే మగవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు చెప్పడానికి ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

ఒకటి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు పెద్ద తీర్పు చెప్పింది. కర్ణాటక హైకోర్టు జడ్జిగా చేసి రిటైరైన కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసు అది. తొమ్మిదిమంది జడ్జీలూ ఒక్కమాటగా చెప్పారు. ఎవరి సొంత సంగతులు వాళ్ళ గుట్టుగా ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అన్నారు. ఆ హక్కు ఆడవాళ్ళకూ ఉంది. పెళ్ళయినా ఉంది.

రెండు. 2024 జులై 8న సుప్రీంకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. బెయిలు మీద బయటికి వచ్చిన ఒక మనిషిని, నీ చోటు ఎప్పుడూ గూగుల్ మ్యాప్‌లో పోలీసులకు కనబడేట్టు పెట్టాలని షరతు విధించారు. ఆ షరతు చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక మనిషి కదలికలన్నీ ఎల్లవేళలా పోలీసులు కనిపెట్టేలా షరతు పెట్టకూడదంది. నేరం మోపినవాళ్ళ విషయంలోనే అలా అంటే, ఏ తప్పూ చేయని ఇల్లాలి సంగతి ఏమనాలి?

మూడు. ఆడమనిషి వద్దంటున్నా వెంటపడడం నేరం. ఆమె నెట్‌లో, ఫోనులో ఏం చేస్తోందో నిఘా పెట్టడం కూడా నేరమే. 2013లో ఇది చట్టంలో చేరింది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షనుగా ఉంది. మొదటిసారి నేరం రుజువైతే మూడేళ్ళ దాకా జైలు. మళ్ళీ చేస్తే అయిదేళ్ళ దాకా.

నాలుగు. కంపెనీల కోసం 2023లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. మీ వివరాలు తీసుకునే ముందు ఏం తీసుకుంటున్నారో, ఎందుకో మీకు చెప్పాలి. ఆ చెప్పేది ఇంగ్లీషులోనే కాదు, రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లో మీరు కోరిన భాషలో చదువుకునే వీలుండాలి. అందులో మన తెలుగు ఉంది. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకునే హక్కు కూడా ఉంది. ఈ చట్టాన్ని దశలవారీగా అమల్లోకి తెస్తున్నారు.

చట్టం తెలుగులో చెప్పమంటుంది. చదవవలసింది మనం.

ఆ తర్వాత

ఆ రోజు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నాం. అందరూ తమ ఫోన్లలో జాబితాలు చదువుకున్నారు. కళ్ళద్దాలు మరిచి వచ్చిన పెద్దమ్మకు మనవరాలు చదివి పెట్టబోయింది. "నువ్వు ఆగవే. నేనే చదువుతా" అని పెద్దమ్మ ఫోనును దూరంగా పట్టుకుని తనే చదివింది.

మర్నాడు మూలన కూర్చునే ఆమె నా దగ్గరికి ఒక కాగితం తెచ్చింది. తన స్నేహితురాలికి ఉత్తరం రాసింది. అది ఆమె రాసిన మొదటి ఉత్తరం. తప్పులు దిద్దమని అడిగింది. రెండు ఒత్తులు, ఒక దీర్ఘం తప్పాయి. దిద్దాను. ఆ ఉత్తరం మొదటి వాక్యం ఇది.

"నువ్వు చెప్పలేదని నాకు ఇప్పుడు తెలిసింది."

చదవండి, పలకండి

లొకేషన్. అనుమతించండి. అనుమతించవద్దు. బ్లాక్ చేయండి. వాడుతున్నప్పుడు మాత్రమే. అన్ని వేళలా. లొకేషన్ షేరింగ్.

మాట్లాడుకోండి

1. మీ ఫోనులో ఏయే యాప్‌లకు మీ చోటు తెలుస్తోంది? వాటిలో ఎన్నింటికి నిజంగా అవసరం ఉంది?

2. మీ ఫోనులో ఉన్న ఈమెయిలు ఎవరిది? పాస్‌వర్డు ఎవరికి తెలుసు?

3. కూతురి చోటు తల్లి చూడడం, భార్య చోటు భర్త చూడడం, ఎప్పుడు మేలు? ఎప్పుడు కీడు? అడిగి చూడడానికి, అడగకుండా చూడడానికి తేడా ఏమిటి?

4. చదవడం ఇంకా రాని అక్క మీ వీధిలో ఎవరైనా ఉన్నారా? ఈ వారం ఆమె ఫోను ముందు పెట్టుకుని, ఆ పెట్టెలో ఏం రాసుందో ఆమెకు చదివి వినిపించండి.